టీచరు గారి పేరున ఉన్న కనెక్షన్

పటమటలో నేను అద్దెకున్న ఇంటికి ఇంటర్నెట్ పెట్టించిన రోజున, కేబుల్ ఆఫీసు నుంచి వచ్చినాయన ఇంటి ఓనరు ఆధార్ కార్డు కావాలన్నాడు. కింద వాటాలో ఉండే టీచరు గారు లోపలికి వెళ్ళి, ప్లాస్టిక్ కవరులో దాచుకున్న కార్డు తెచ్చి నా చేతిలో పెట్టారు. ఎందుకని అడగలేదు. “ఫొటో చూసి నవ్వకమ్మా, ఆ రోజు జ్వరంతో ఉన్నాను” అని మాత్రం అన్నారు. అలా పై వాటాలో నేను వాడుకునే కనెక్షన్ ఆవిడ పేరున నమోదైంది. అప్పుడు నాకది ఆలోచించాల్సిన విషయంలాగా కనిపించలేదు.

ఆవిడ లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. పిల్లల్లేరు. భర్త పోయి అప్పటికి నాలుగేళ్ళు. ఆయన మా చర్చిలో చాలాకాలం పాటల బృందాన్ని నడిపించారు. చివరి రెండేళ్ళు జబ్బుతో మంచం పట్టినప్పుడు, పక్కన హార్మోనియం పెట్టించుకుని, తాను కట్టిన బాణీలన్నీ ఇంట్లో ఉన్న పాత కంప్యూటరులో రికార్డు చేయించుకున్నారు. రోజూ మధ్యాహ్నం మూడింటికి టీచరు గారు ఆ కంప్యూటరు పెట్టుకుని, బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ వినేవారు. సెలవు రోజుల్లో నాకు పైకి వినిపించేది. ఆయన పాట మధ్యలో ఆపి దగ్గడం, “ఇది కాదు, మళ్ళీ పాడతా” అనడం, అన్నీ ఉండేవి అందులో. ఒక పాటలో అయితే రెండో చరణం ముందు వంటింటి వైపు తిరిగి, “ఇవాళ పప్పులో ఉప్పు మర్చిపోయావు” అంటారు. ఆ మాట వచ్చేటప్పటికి టీచరు గారు చేట పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చునేవారు.

నాకు ఆ ఇల్లు దొరికింది కూడా చర్చి ద్వారానే. ఒంటరి ఆడదానికి ఇల్లివ్వాలంటే వెయ్యి ప్రశ్నలు వేసే ఊళ్ళో, ఆవిడ నన్ను ఒక్కటే అడిగారు. “మెట్లు ఎక్కి దిగడం నీకు ఇబ్బంది లేదు కదా?”

నేను బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ప్రైవేటు ఆఫీసులో నెట్‌వర్క్ చూసే ఉద్యోగం చేస్తాను. ఎవరి కంప్యూటరు ఎక్కడికి కనెక్టవుతోంది, ఏది ఆగింది, ఏది అనుమానంగా ఉంది అని చూడటమే నా పని. మనుషులు ఇంటర్నెట్‌లో వదిలి వెళ్ళే గుర్తులు ఎంత స్పష్టంగా ఉంటాయో నాకు బాగా తెలుసు. తెలిసి కూడా మా అక్క విషయంలో పొరపాటు చేశాను.

అక్కని దివిసీమలో ఒక ఊరికిచ్చారు. బావకి రొయ్యల చెరువులున్నాయి. బయటికి నెమ్మదస్తుడు. ఇంట్లో మాత్రం అక్క ఎవరితో మాట్లాడింది, ఎంతసేపు మాట్లాడింది, ఏం చూసింది, అన్నీ లెక్క అడిగేవాడు. కొట్టేవాడని కూడా నాకు ఆలస్యంగా తెలిసింది. ఒక పెళ్ళిలో, ఆడవాళ్ళమంతా భోజనాలకి లేచినప్పుడు, అక్క నా చెయ్యి పట్టుకుని చేతులు కడిగే పంపు దగ్గరికి లాక్కెళ్ళింది.

“నేనిక అక్కడ ఉండలేనే. ఎక్కడికన్నా పోవాలంటే ఏం చెయ్యాలో చూసి చెప్పు” అంది.

“అమ్మకి చెబుదామా?”

“అమ్మకొద్దు. అమ్మ ఆయనకే చెప్తది.”

నేను విజయవాడ వచ్చిన మర్నాడే ఆడవాళ్ళకి ఆశ్రయమిచ్చే ఒక చోటు వివరాలు వెతికి ఆ లింకు అక్క ఫోనుకి పంపాను. చూసి తీసెయ్యమని కూడా రాశాను. అక్క చూసింది, నా మెసేజి తీసేసింది కూడా. కానీ తను తెరిచిన పేజీ ఫోను బ్రౌజరు హిస్టరీలో అలాగే ఉండిపోయింది. ఆ సాయంత్రమే బావ చూశాడు.

అతను కొట్టలేదట ఆ రోజు. కారు తీసి, అక్కని ఎక్కించుకుని సరాసరి మా అమ్మ దగ్గరికి తీసుకొచ్చాడు. నన్నూ పిలిపించారు. మా పెదనాన్న, సంఘ పెద్దలు ఇద్దరు కూర్చున్నారు. అందరి ముందూ అక్క తలొంచుకుని, “నేను బానే ఉన్నాను. చెల్లే లేనిపోనివి చెప్పి నా మనసు పాడుచేసింది” అంది. ఆ మాటలు ఎవరు నేర్పారో నాకు తెలుసు. అక్క గొంతులోంచి వినడం మాత్రం ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నాను. ఆ తర్వాత అక్క నాతో ఎప్పుడు మాట్లాడినా ఫోను స్పీకరులో ఉంటుంది. బాగున్నావా అంటే బాగున్నా అంటుంది. ఇప్పటికీ అంతే.

ఒక నెట్‌వర్క్ గురించి నేను చదవడం మొదలుపెట్టింది ఆ రోజుల్లోనే.

ఎక్కడెక్కడో ఉండే మామూలు మనుషులు తమ కంప్యూటర్లని అప్పగించి నడిపే నెట్‌వర్క్ అది. దాని ద్వారా ఎవరైనా ఏదైనా చూస్తే, ఆ మాట నేరుగా వెళ్ళదు. మూడు కంప్యూటర్ల మీదుగా, పొరలు పొరలుగా తాళాలు వేసుకుని వెళ్తుంది. మొదటిదానికి అడిగినవాళ్ళెవరో తెలుస్తుంది గానీ ఏం అడిగారో తెలియదు. చివరిదానికి ఎక్కడికి వెళ్తోందో తెలుస్తుంది గానీ ఎవరు పంపారో తెలియదు. మధ్యదానికి రెండూ తెలియవు. ఇలా దారి ఇచ్చే ఒక్కో కంప్యూటరునీ రిలే అంటారు. భయంలో ఉన్న ఆడది, తన ఊళ్ళో జరుగుతున్నది బయటికి చెప్పాలనుకునేవాడు, పైకి చెప్పుకోలేని జబ్బు గురించి తెలుసుకోవాలనుకునేవాళ్ళు, ఇలాంటివాళ్ళకి ఆ దారి అవసరం.

నిజానికి ఆ దారి మా అక్కకి ఉపయోగపడేది కాదు. ఫోనే అతని చేతిలో ఉన్నప్పుడు ఏ నెట్‌వర్క్ ఏం చేస్తుంది? ఆ సంగతి నా ఉద్యోగమే నాకు నేర్పింది. అయినా ఎక్కడో ఒక ఆడమనిషి నా కంప్యూటరు మీదుగా ఎవరికీ తెలియకుండా ఒక పేజీ చదువుకుని బయటపడితే చాలనుకున్నాను. అక్కకి చేయలేకపోయింది ఇంకెవరికో చేస్తున్నానని నాకు నేను చెప్పుకోవడం నాకప్పుడు అవసరమైంది.

ఆఫీసులో పక్కన పడేసిన ఒక చిన్న కంప్యూటరు తెచ్చి, నా గది కిటికీ కింద పెట్టి రిలే మొదలుపెట్టాను. మధ్య రిలే మాత్రమే. మధ్య రిలేతో పెద్దగా చిక్కుండదు. చివరి రిలే సంగతి వేరు. బయటి ప్రపంచానికి కనిపించేది దాని ఇంటర్నెట్ చిరునామా ఒక్కటే. ఎక్కడో కూర్చుని ఎవడు ఏ పాడు పని చేసినా, అది ఆ చిరునామా ఉన్న ఇంట్లోనే జరిగినట్టు కనిపిస్తుంది.

రిలేలు నడిపేవాళ్ళు ఇంటర్నెట్‌లో మాట్లాడుకునే చోటు ఒకటుంది. అక్కడ ఎవరికీ అసలు పేర్లుండవు. అనుభవం ఉన్న ఒకరు కొత్తవాళ్ళకి ఓపికగా రాస్తుండేవారు. చివరి రిలే ఇంట్లో పెట్టకండి. వేరే వాళ్ళ పేరున ఉన్న కనెక్షన్ మీద అసలు పెట్టకండి. దానికోసం ఏదైనా కంపెనీ దగ్గర విడిగా సర్వరు అద్దెకి తీసుకోండి, ఆ కంపెనీకి ముందే చెప్పండి, మిమ్మల్ని అడగడానికి ఒక ఈమెయిలు అందరికీ కనిపించేలా పెట్టండి, ఒక లాయరుతో ముందే మాట్లాడి ఉంచుకోండి. నేనవన్నీ చదివాను. సబబుగానే ఉన్నాయనుకున్నాను.

టీచరు గారు ఒకసారి ఆరబెట్టిన బట్టలు తీసుకోవడానికి పైకి వచ్చి, కిటికీ కింద వెలుగుతున్న ఆకుపచ్చ లైటు చూశారు.

“ఏంటమ్మా అది, ఎప్పుడు చూసినా వెలుగుతూనే ఉంటది?”

“ఆఫీసు పనండి” అన్నాను.

అబద్ధమని అనిపించలేదు అప్పుడు. వివరంగా చెబితే భయపడతారని, భయపడితే వద్దంటారని అనుకున్నాను. ఆ వేసవిలో కరెంటు బాగా పోయేది. ఇద్దరికీ కలిపి ఒకటే ఇన్వర్టరు. ఒక మధ్యాహ్నం నేను ఇంట్లో ఉన్నప్పుడు కరెంటు పోతే, ఏదో పని మీద కిందికి వెళ్ళాను. టీచరు గారు ఫ్యాను కట్టేసుకుని, చెమటలు కారుతూ విసనకర్రతో విసురుకుంటున్నారు.

“ఇన్వర్టరు ఉందిగా టీచరు గారూ, ఫ్యాను వేసుకోండి.”

“పైన నీ ఆఫీసు పెట్టె ఆగిపోతే నీకు మాటొస్తది కదమ్మా. నాకేం, గంటలో కరెంటు వచ్చేస్తది” అన్నారు.

నేను ఫ్యాను వేసి పైకొచ్చాను. ఆవిడ చాలా రోజుల నుంచే అలా చేస్తున్నారని తర్వాత తెలిసింది. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. చెప్పలేదు.

ఆవిడ నన్ను అడిగిన సాయం కూడా ఒకటే. ఆయన పాటలు ఇంకో చోట కూడా దాచిపెట్టమని. “ఆ కంప్యూటరు ముసలిదైపోయింది. దేన్లోకన్నా ఎక్కించి ఇవ్వమ్మా” అనేవారు. ఆఫీసులో ప్రతి ఫైలుకీ రెండు కాపీలు ఉండాలని అందరినీ వేధించేదాన్ని నేను. ఈ ఆదివారం చేస్తానండీ అన్నాను. ఆ తర్వాత వచ్చిన ఆదివారాలన్నిటికీ అదే మాట చెప్పాను.

నాలుగు నెలలు గడిచాక, చివరి రిలేలు తక్కువై నెట్‌వర్క్ నత్తలా నడుస్తోందని ఆ మాట్లాడుకునే చోట అందరూ రాయడం మొదలుపెట్టారు. ఏదో దేశంలో గొడవలు జరుగుతున్నాయి, అక్కడివాళ్ళు బయటికి మాట పంపలేకపోతున్నారు. నా సెట్టింగుల ఫైలులో ఒక్క వరుస మారిస్తే నాది చివరి రిలే అవుతుంది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా ఆ వరుస మార్చాను. ఒక్క వారమే అనుకున్నాను. ఈమెయిలు రాసే చోట నా వివరాలు పెట్టడానికి భయమేసి ఖాళీగా వదిలేశాను. వారం మూడు నెలలైంది.

ఒక మంగళవారం ఉదయం పదకొండింటికి టీచరు గారు నా ఆఫీసుకి ఫోన్ చేశారు. ఆవిడ ఎప్పుడూ పనివేళల్లో ఫోన్ చెయ్యరు.

“అమ్మా, ఎవరో పోలీసులొచ్చారు. ఇంటర్నెట్ గురించంట. కంగారుపడకుండా నెమ్మదిగా రా. మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాను” అన్నారు.

ఆటోలో వచ్చేటప్పుడే నాకు అర్థమైపోయింది. ఇంటికెళ్ళేసరికి ఒక ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్ళు హాల్లో ఉన్నారు. టీచరు గారు ఆధార్ కార్డు చేతిలో పట్టుకుని, స్కూల్లో తనిఖీకి వచ్చినవాళ్ళ ముందు నిలబడ్డట్టు నిలబడి ఉన్నారు.

“సర్, ఆ కనెక్షన్ వాడేది నేను. ఆవిడకేం తెలియదు” అన్నాను.

ఎస్సై మర్యాదగానే మాట్లాడాడు. “పేరు వారిది ఉంది కదా మేడం.”

“ఉంది. కానీ చేసింది నేను.”

“ఏం చేశారు?”

చెప్పాను. రిలే అంటే ఏమిటో, మూడు కంప్యూటర్లేమిటో, చివరిది నాదెందుకైందో. అతను విన్నాడు. అర్థం కాని మనిషిలా లేడు. అంతా విని నోట్‌బుక్ మూసి, “ఒక అమ్మాయి ఫొటోలు మార్చి, అసహ్యంగా తయారుచేసి, నెలరోజుల నుంచి బెదిరిస్తున్నాడు ఒకడు. ఆ పిల్ల కాలేజీ మానేసింది. మెసేజీలన్నీ ఈ ఇంటి నుంచే వెళ్తున్నట్టు ఉంది. వాడెవడో చెప్పగలరా మీరు?” అన్నాడు.

“చెప్పలేనండి. ఎవరు పంపారో ఈ కంప్యూటరుకి తెలియదు.”

“ఎక్కడా రాసుకోదా?”

“రాసుకోదండి. రాసుకోకుండా ఉండటానికే అది.”

ఎస్సై నన్ను తిట్టలేదు. కొంచెంసేపు నా మొహంలోకి చూసి, “అంటే వాడికి దారి ఇచ్చారు, మాకు మాత్రం ఇవ్వలేరు” అన్నాడు.

నా దగ్గర జవాబు ఉంది. ఆ దారి అలాంటివాళ్ళ కోసం కాదని, వాళ్ళకి వేరే దారులు బోలెడున్నాయని, అవసరంలో ఉన్నవాళ్ళకి ఇదొక్కటే ఉందని చాలాసార్లు రాశాను, చదివాను. కానీ అప్పుడు అతను చెప్పిన ఆ పిల్ల మొహం నాకు తెలియదు కాబట్టి మా అక్క మొహమే కనిపించింది. ఎవరికోసమైతే ఆ పెట్టె పెట్టానో అలాంటి ఆడపిల్లనే నా ఇంటి మీదుగా ఒకడు నెలరోజులు ఏడిపించాడు.

నా రెండు కంప్యూటర్లతో పాటు, ఇంట్లో ఉన్నవన్నీ తీసుకెళ్ళాలి కాబట్టి టీచరు గారి పాత కంప్యూటరు కూడా తీసుకున్నారు. దాన్లో పాటలు తప్ప ఏమీ లేవని చెప్పాను. “చూసి ఇచ్చేస్తాం మేడం, రూలు” అన్నారు. ఒక కానిస్టేబులు దాన్ని తెల్లగుడ్డలో చుట్టి సీలు వేస్తుంటే, టీచరు గారు దగ్గరికెళ్ళి, “బాబూ, అది కుదుపులకి తట్టుకోదు, కొంచెం నిదానంగా తీసుకెళ్ళండి” అన్నారు. అతను అలాగేనమ్మా అని రెండు చేతులతో పట్టుకుని జీపు దాకా నడిచాడు.

వాళ్ళు వెళ్ళాక కాళ్ళ మీద పడబోయాను. ఆవిడ వెనక్కి జరిగి, “అన్నం తిన్నావా?” అన్నారు. లేదన్నాను. పెరుగన్నం కలిపి పెట్టారు. నేను తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చున్నారు. గోడ మీద గడియారం మూడు కొట్టింది. ఆవిడ లేచి చేట తెచ్చుకుని, మళ్ళీ తీసుకెళ్ళి లోపల పెట్టేశారు.

ఆ తర్వాత ఆవిడని మూడుసార్లు స్టేషనుకి పిలిపించారు. నేనూ వెంట వెళ్ళేదాన్ని. బడికి కట్టుకునే తెల్లంచు నీలం చీర కట్టుకుని, చేతిసంచిలో బైబిలు, బీపీ మాత్రలు పెట్టుకుని బయల్దేరేవారు. రెండోసారి వెళ్ళినప్పుడు, బెంచీ మీద కూర్చుని ఉండగా, జుట్టు నెరుస్తున్న ఒక హెడ్ కానిస్టేబులు ఆవిడని చూసి ఆగిపోయాడు.

“నమస్తే టీచర్. ఎనిమిదో తరగతి మీ దగ్గరే చదివానండి. మీరిక్కడేంటండీ?”

“ఏదో చిన్న పని మీద వచ్చాను బాబూ. నువ్వు బాగున్నావా? పిల్లలు?” అన్నారు.

అతను పిల్లల గురించి చెబుతున్నాడు గానీ చూపు ఆవిడ చేతిలో ఉన్న నోటీసు మీదే ఉంది. ఆవిడ దాన్ని మడిచి మడిచి చిన్నది చేసి పిడికిట్లో పెట్టుకున్నారు. అతను వెళ్ళి టీ పంపించాడు. ఆవిడ తాగలేదు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో మొదటిసారి నాతో ఆ విషయం మాట్లాడారు.

“నాకు ముందు ఎందుకు చెప్పలేదు?”

“వద్దంటారేమోనని భయపడ్డానండి.”

“అడిగుంటే కాదనేదాన్నా? మీ అక్క సంగతి నువ్వే చెప్పావు, నాకు తెలీదా? భయపడేదాన్నేమో. భయపడ్డా సరేననేదాన్ని. అప్పుడీ బెంచీ మీద నాకు తెలిసి కూర్చునేదాన్ని కదా.”

నేను ఏడ్చాను. ఆవిడ బయటికి చూస్తూ కూర్చున్నారు.

కేసు విషయం అనుకున్నదానికన్నా నెమ్మదిగా, అనుకున్నదానికన్నా తేలిగ్గా తేలింది. ఒక లాయరుని పెట్టుకున్నాను. రిలేల వాళ్ళు మాట్లాడుకునే చోట జరిగింది దాచకుండా రాశాను. కొందరు, చెబితే విన్నావా అన్నారు. ఎప్పుడూ ఓపికగా రాసే ఆ ఒక్కరు మాత్రం, అది ఎలా పనిచేస్తుందో పోలీసులకి అర్థమయ్యేలా ఒక ఉత్తరం రాసి పంపి, చివర్లో, ఆ ఇంటి పెద్దావిడ ఎలా ఉన్నారు అని అడిగారు. ఆయనో ఆవిడో, ఏ దేశమో నాకు తెలియదు. ఆ ఉత్తరం పనికొచ్చింది. టీచరు గారి మీద, నా మీద ఏమీ పెట్టలేదు. సాక్షులుగా రాసుకున్నారు. బెదిరించినవాడు దొరికాడా, ఆ పిల్ల మళ్ళీ కాలేజీకి వెళ్తోందా అని ఎస్సైని అడిగాను. “అది మీకెందుకు మేడం, మీ వరకు అయిపోయింది” అన్నాడు. నిజమే, నాకు అడిగే హక్కు లేదు.

చర్చిలో ఎవరూ ఏమీ అనలేదు. కానీ ఆదివారం బడి పిల్లలకి పాఠం చెప్పే పని టీచరు గారు తనంతట తనే మానుకున్నారు. పాస్టరు గారు ఇంటికొచ్చి అడిగినా, “కొన్నాళ్ళు ఇంకెవరికన్నా ఇవ్వండి” అన్నారు.

కంప్యూటర్లు తిరిగి ఇచ్చేసరికి ఏడాదిన్నర దాటింది. నావి రెండూ పనిచేశాయి. ఆవిడది మొదలవలేదు. లోపలి డిస్కు టిక్ టిక్ మని కొట్టుకుని ఆగిపోతోంది. ఎవరినీ అనడానికి లేదు. ఆ డిస్కుకి పదేళ్ళ పైనే వయసు. కాపీ ఉంటే అది పోయినా ఏమీ అయ్యేది కాదు.

వన్ టౌన్‌లో పాడైన డిస్కుల నుంచి ఫైళ్ళు తీసిచ్చే ఒక సాయిబు గారున్నారు. పెద్దాయన. ఇనప సామాన్ల కొట్ల మధ్య మేడ మీద చిన్న గది. పొద్దున వెళ్ళి ఇచ్చి, అక్కడే స్టూలు మీద కూర్చున్నాను. ఆయన మూత విప్పి, దీపం దగ్గరగా లాక్కుని చాలాసేపు చూశారు.

“ఏమున్నాయమ్మా దీంట్లో?”

“ఒకాయన పాటలండి. ఇప్పుడు లేరు.”

ఆయన డిస్కుని నా వైపు తిప్పారు. అద్దంలా ఉండాల్సిన పళ్ళెం మీద గుండ్రంగా ఒక గీత పడి ఉంది. “చూడు, ఈ పైన ఉండే పూత గీసుకుపోయింది. పాట ఆ పూతలోనే ఉంటది. రాలిపోయాక నేనేం చేసేది? హైదరాబాదు తీసుకెళ్ళినా ఇదే చెప్తారు. నిన్ను తిప్పించడం ఇష్టం లేక చెప్తున్నా” అన్నారు. తర్వాత మూత బిగించి, అన్ని స్క్రూలూ వేసి, పాత దినపత్రికలో చుట్టి ఇచ్చారు.

నేను నేరుగా ఇంటికెళ్ళి టీచరు గారికి చెప్పాను. మాటలు వెతుక్కోకుండా, పాటలు పోయాయండి, ఇక రావు, నేను కాపీ చేయకపోవడం వల్ల పోయాయి అన్నాను. ఆవిడ పత్రిక విప్పకుండానే ఆ డిస్కుని ఒళ్ళో పెట్టుకున్నారు.

“అన్నీ పోయాయా?”

“అన్నీనండి.”

“పోన్లెండి. మీరేం చేస్తారు” అన్నారు.

అన్నేళ్ళలో ఆవిడ నన్ను మీరు అనడం అదే మొదలు. కోపంతో అన్న మాట కాదు. పరాయివాళ్ళతో మర్యాదగా మాట్లాడతారే, అలా అన్నారు. ఆ తర్వాత మళ్ళీ నువ్వు అనలేదు. నీళ్ళు వచ్చాయండీ, మీకు పార్సిలు వచ్చిందండీ, అలానే మాట్లాడేవారు. పండగకి చేసినవి ఎప్పటిలాగే పంపేవారు, గిన్నె మీద మూత పెట్టి మెట్ల మీద ఉంచి వెళ్ళేవారు. రెండు నెలలు చూసి, నేను ఇల్లు మారిపోయాను. వెళ్ళేరోజున ఆవిడ గేటు దాకా వచ్చి ప్రార్థన చేసి పంపారు. నా పేరు చెప్పి, నా ఆరోగ్యం కోసం, ఉద్యోగం కోసం, మా అక్క కోసం అడిగారు దేవుణ్ణి. ఆ ప్రార్థన జరుగుతున్నంతసేపూ నేను కళ్ళు మూసుకోలేకపోయాను.

రిలే ఆపేసి చాలాకాలం దాని జోలికి పోలేదు. అది తప్పని అనుకోవడం వల్ల కాదు. అలాంటి దారి ఉండాలనే ఇప్పటికీ అనుకుంటున్నాను. ఆ పిల్ల సంగతి తలుచుకున్న రోజున మాత్రం అంత గట్టిగా అనలేను. ఈ రెండూ నాలో ఇంతవరకు రాజీపడలేదు. పోయిన ఏడాది, విడిగా ఒక సర్వరు తీసుకుని, మధ్య రిలే ఒకటి మళ్ళీ మొదలుపెట్టాలనుకున్నాను. అంతా నా పేరునే, నా ఈమెయిలు అందరికీ కనిపించేలా. లాయరుకి చెప్పాను. సర్వరు కంపెనీకి రాశాను. ఇంకొకరికి కూడా ముందు చెప్పాలనిపించింది. వాళ్ళకి దాంతో ఇప్పుడు ఏ సంబంధమూ లేకపోయినా.

ఒక శనివారం ఉదయం పటమట వెళ్ళాను. టీచరు గారు వాకిట్లో పాత డబ్బాలో కరివేపాకు మొక్క నాటుతున్నారు. నడుం వంగింది కొంచెం. చేతులకి మట్టితోనే లేచి, “రండి” అన్నారు. నేను నిలబడే చెప్పాను. ఏం చేయబోతున్నానో, ఎక్కడ పెడుతున్నానో, ఎవరి పేరునో.

“నాకెందుకండీ ఇవన్నీ చెబుతున్నారు?”

“ముందు చెప్పాలనిపించిందండి.”

ఆవిడ మళ్ళీ వంగి డబ్బాలో మట్టి వేళ్ళతో అదిమారు. తర్వాత, “ఆ పిల్లకి ఏమైందో తెలిసిందా?” అని అడిగారు.

“తెలియలేదండి.”

“నేను రోజూ ప్రార్థనలో అడుగుతూనే ఉన్నాను. పేరు తెలీదు కదా, ఆ కాలేజీ పిల్ల అంటాను. ఈపాటికి పెళ్ళి కూడా అయ్యుంటది” అన్నారు.

పై వాటాలో ఇప్పుడున్నవాళ్ళ బాబు మెట్లు దిగి వచ్చి, అమ్మమ్మా నీళ్ళ మోటారు కట్టెయ్యమంటోంది మా అమ్మ అన్నాడు. ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుని స్విచ్చు దగ్గరికి వెళ్ళారు. మోటారు ఆగింది. లోపలి నుంచే, “టీ పెట్టమంటారా?” అని అడిగారు. పెట్టమన్నాను. వసారాలో కుర్చీలో కూర్చుని తాగాను. చక్కెర ఎంత వెయ్యాలో ఆవిడకి గుర్తుంది. ఎండ ఎక్కువైందని, ఈసారి కాలవలకి నీళ్ళు ఆలస్యంగా వదిలారని మాట్లాడుకున్నాం. కప్పు కడగబోతే వద్దన్నారు. వెళ్ళొస్తానండీ అని లేచి, బస్సు కోసం బందరు రోడ్డు దాకా నడిచాను.